లెక్కలోంచి తీసేసిన నలభై

వదినా,

కవరు మీద నా చేతిరాత కనిపిస్తే విప్పకుండానే పక్కన పడేస్తావని తెలుసు. అందుకే అడ్రసు నాతో కొలతలకి తిరిగే టేపు బాబాయి చేత రాయించాను. ఆయన అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి కదా, ఏదో ఆఫీసు కాగితం అనుకుని విప్పి ఉంటావు. ఎలాగూ విప్పావు కాబట్టి ఇంకో రెండు మూడు పేజీలు ఓర్చుకో. ఐదేళ్ళుగా నాతో మాట్లాడకుండా ఓర్చుకున్నదానివి, ఇదొక లెక్కా నీకు.

వాలు కింద ఉన్న మా ఫీల్డు గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇనప మంచం, ఒక కాలు పొట్టిదైన బల్ల, తలుపు పక్కన బురద ఆరని బూట్లు. పదో ఏటి కొలతలకని వచ్చి మూడు వారాలైంది. జరిగింది నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ చెబుతాను. ఇన్నాళ్ళూ ఈ కథని నాకు అనుకూలంగా చెప్పుకుంటూ వచ్చాను, ఒక్కసారి ఉన్నదున్నట్టు చెబితే ఎలా ఉంటుందో చూడాలి.

పదేళ్ళ కిందట ఈ వాలు మీద పాత చెట్లు కొట్టేశాక, నీ నర్సరీలో పెంచిన గట్టి కలప మొక్కలు నాలుగు వందలు నాటాం. రెండు వందలు, దుంగలు లాగే యంత్రం తిరిగి తిరిగి అణగదొక్కిన బాట మీద. రెండు వందలు, చక్రం పడని పక్క నేలలో. ప్రశ్న ఒక్కటే. యంత్రం తొక్కిన నేలలో లేత చెట్టు ఎలా పెరుగుతుంది? మూడేళ్ళు తిరిగేసరికి బాట మీద నలభై చచ్చిపోయాయి. పక్క నేలలో చచ్చినవి ఏడు. బాట మీద ఎండినవాటిని ఎప్పటికప్పుడు పీకించి, కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీశాను. ప్రతిదానికీ తల్లివేరు వంగి ఉంది. సంచిలో మొక్క ఎక్కువకాలం ఉండిపోతే వేరు అడుగున చుట్టుకుంటుందని పుస్తకంలో చదివినదాన్ని, చూడగానే నిర్ణయానికొచ్చేశాను. పైగా చివరి లారీలో వచ్చిన మొక్కలు ఎక్కువగా బాట మీదే నాటారు. ఇంకేం, కొట్టుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నట్టు, ఇక తేల్చాల్సిందేమీ లేదనుకున్నాను. నివేదికలో ‘నర్సరీ లోపం’ అని రాసి ఆ నలభైని లెక్కలోంచి తీసేశాను.

చచ్చినవి పోతే మిగిలినవన్నీ గట్టివే కదా. గడ్డి కూడా సరిగ్గా మొలవని బాటలో వాటికి పోటీ కూడా లేదు. సగటు తీస్తే బాట మీది చెట్లు పక్క నేలలోవాటికన్నా జానెడు ఎత్తే తేలాయి. ‘భారీ యంత్రాల వల్ల లేత చెట్ల ఎదుగుదలకి చెప్పుకోదగ్గ హాని లేదు.’ ఆ వాక్యం నాదే వదినా. ఆ వాక్యం నన్ను పై కుర్చీలో కూర్చోబెట్టింది, నిన్ను పధ్నాలుగేళ్ళు నడిపిన నర్సరీలోంచి బయటికి పంపింది.

నీ నర్సరీ మీద విచారణ జరిగిన రోజు నువ్వు అందరి ముందూ నన్ను ఒక్కటే అడిగావు. “డాక్టరమ్మా, తవ్వి చూశావా, పీకి చూశావా?” అని. “అందులో తేడా ఏముంది?” అన్నాను. నువ్వు నావంక చూసి, బల్ల మీది నీ సంచీ తీసుకుని వెళ్ళిపోయావు. ఆ తేడా ఏమిటో నాకు పోయిన నెల గాలివాన చెప్పింది.

పొద్దున్నే టేపు బాబాయి తలుపు కొట్టాడు. “మేడమ్, ఒకసారి రండి. చెట్లు పడుకున్నాయి.”

“ఎన్ని?”

“తొమ్మిది. అన్నీ మన మంచి చెట్లే.”

వెళ్ళి చూస్తే తొమ్మిదీ బాట మీదివే. పక్క నేలలో ఒక్కటి కూడా ఒరగలేదు. పడినవాటి వేళ్ళ గడ్డలు నిట్టనిలువుగా లేచి ఉన్నాయి, అడుగుభాగం గచ్చు మీంచి ఊడదీసినట్టు చదునుగా, అన్నం పళ్ళెంలా. వేళ్ళన్నీ ఒకే లోతు దాకా దిగి, అక్కడ అడ్డంగా తిరిగి, దారి వెతుక్కుంటూ పక్కలకి పాకాయి. బాబాయి గునపం తెచ్చి పక్క నేలలో వేశాడు, ఒక్క పోటుకి మూరెడు దిగింది. బాట మీద వేశాడు. జానా బెత్తెడు దిగి ఠంగుమంది. పదేళ్ళయింది వదినా ఆ యంత్రం వెళ్ళిపోయి. ఇంకా ఠంగుమంటూనే ఉంది.

బాబాయి టేపు పెట్టి వంపు లోతు కొలిచాడు. జానా బెత్తెడు. నీ సంచి లోతు జానెడే. ఆయన టేపు చుట్టుకుంటూ, నావంక చూడకుండా, “ఇవి కూడా వదినమ్మగారి సంచుల్లోనే వంగాయంటారా?” అన్నాడు.

పాతికేళ్ళుగా నా వెనక టేపు పట్టుకుని నడిచిన మనిషి నన్నన్న మొదటి మాట అది. చెంపదెబ్బ అయినా అంత తిన్నగా తగలదు.

పీకితే మట్టి రాలిపోతుంది, వంపు ఏ లోతులో ఉందో తెలియదు. తవ్వితే తెలుస్తుంది. అంతే తేడా. ఇంతవరకూ దీన్ని పొరపాటు అనొచ్చు. అసలు విషయం ఇంకా రాయలేదు, పేజీన్నర నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను.

పందొమ్మిదో ఫోటో. మిగతావాటి మట్టి రాలిపోయింది కానీ, వాన పడ్డ మర్నాడు పీకడం వల్లో ఏమో, ఆ మొక్కకి సంచి ఆకారంలో మట్టిముద్ద అలాగే ఉండిపోయింది. వేరు ఆ ముద్దలోంచి నిటారుగా కిందికి దిగింది. ముద్ద దాటి, కిందికి వచ్చాక వంగింది. నీ సంచిలో కాదు, మా నేలలో. అది నేను ఐదేళ్ళ కిందటే చూశాను వదినా. అప్పటికి నివేదిక ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆ ఫోటోని కట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టాను.

నా సంగతి నీకు తెలుసు. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరనుంచి వెనక్కొచ్చే రకం. అన్నయ్య నన్ను ‘అనుమానప్పక్షి’ అని ఏడిపించేవాడు. జీవితమంతా అన్నిటినీ అనుమానించినదాన్ని, అనుమానించి తీరాల్సిన ఒక్క చోట మాత్రం నిమ్మళంగా ఉండిపోయాను. అది తెలియక చేసింది కాదు. నీకు ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఇప్పుడు ఏం చేయబోతున్నానో విను. వచ్చే నెల మొదటి గురువారం కమిటీ కూర్చుంటుంది. అవతలి పెద్ద వాలు మీద వానాకాలంలో కూడా యంత్రాలు దింపడానికి కలప కంపెనీ వాళ్ళు అనుమతి అడుగుతున్నారు, ఆధారంగా నా నివేదికే పెట్టారు. తడి నేల మీద ఆ చక్రాలు తిరిగితే ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. నేను వెళ్ళి, నా నివేదిక తప్పని నా నోటితో చెబుతాను. నలభైనీ తిరిగి లెక్కలో పెడతాను. నలభై ఫోటోల నకళ్ళూ ఇందులో పెట్టాను, పందొమ్మిదోది అన్నిటికన్నా పైన ఉంది. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వు చూడాలి, అంతే.

నీ ఆడపడుచు
(ఆ పిలుపు ఇంకా చెల్లుతుందనుకుంటే)


వదినా,

నీ జవాబు అందింది. జవాబు అనొచ్చో లేదో. ఉత్తరం ముక్క లేదు, నేను పంపిన నలభై ఫోటోలే వెనక్కొచ్చాయి. చూడకుండానే తిప్పి పంపేశావనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆరు ఫోటోల వెనక పెన్సిల్‌తో ‘నాది’ అని రాసి ఉంది. మిగతా ముప్పై నాలుగింటి వెనక ఏమీ లేదు.

ఆ ఆరూ బల్ల మీద పరిచి భూతద్దం పెట్టుకుని చూశాను. నువ్వు చెప్పింది నిజమే. వేరు సంచి అడుగున గుండ్రంగా, పడుకున్న కుక్కలా చుట్టుకుని ఉంది. నేల వంచిన వేరు అలా ఉండదు, అది ఒక పక్కకి తిన్నగా పోతుంది. ఇన్నాళ్ళూ నలభైనీ ఒకే గాటన కట్టిన కళ్ళు నావి. ఆ రెండు రకాల వంపులూ వేరు చేసి చూడడానికి నీకు ఒక సాయంత్రం పట్టి ఉంటుంది.

నిజం చెప్పనా, ఒళ్ళు మండింది. నేను తలొంచుకుని మొత్తం తప్పు నాదే అని వస్తే, నువ్వు దానిలోంచి ఆరు తీసి నీ ఒళ్ళో వేసుకుంటావా? నాకు పూర్తిగా తప్పు చేసిన సుఖం కూడా దక్కనివ్వవా? ఆ ఆరు ఫోటోలూ మళ్ళీ కవర్లో పెట్టేసి, గురువారం నలభైకి నలభై నేల తప్పే అని చెప్పేద్దామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? నీ మీద మచ్చ మొత్తం పోతుంది, పెద్ద వాలు బతుకుతుంది, అందరికీ మంచిదే. కవరు అంటించి కూడా పెట్టాను. అప్పుడు తట్టింది, ఐదేళ్ళ కిందట కూడా నేను సరిగ్గా ఇదే పని చేశానని. ఒక ఫోటో అడుగున పెట్టాను, ఇప్పుడు ఆరు పెడుతున్నాను. పుణ్యానికి చేస్తున్నానన్న ముసుగు ఒక్కటే కొత్త.

కవరు చింపాను.

నిన్న డైరెక్టరు గారిని కలిశాను. టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే మనకి రావాల్సింది రాదని అర్థం. అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

“సవరణలు మామూలేనమ్మా. అనుబంధంలో ఒక పేరా వేద్దాం. చిన్న అక్షరాల్లో.”

“చిన్న అక్షరాలు ఎవరు చదువుతారండీ?”

“అందుకే కదమ్మా.”

నవ్వొచ్చింది, ఆయన కూడా నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, “నీ పుస్తకం, నీ పదోన్నతి, అన్నీ ఆ వాక్యం మీదే నిలబడ్డాయి. కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా?” అన్నారు.

“ఆ కొమ్మ ఎండిపోయిందండీ. నేను నరక్కపోయినా విరుగుతుంది.”

“ఆరు నర్సరీవేనని నువ్వే అంటున్నావు. అది బయటపెడితే అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు. నీ వాదన నీ చేతులతోనే నీరుగార్చుకుంటున్నావు.”

“నీరుగారినా సరే, ఆరు ఆరే, ముప్పై నాలుగు ముప్పై నాలుగే” అన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద ఒక పది నిమిషాలు కూర్చుండిపోయాను. ఊడ్చే ఆవిడ వచ్చి, “లేవండమ్మా, తడి గుడ్డ పెట్టాలి” అనేదాకా.

ఇంటికి వచ్చాక ఎప్పటిలాగే అనుమానం మొదలైంది. నేను చేస్తున్నది నిజం కోసమా, నీ దగ్గర మంచి అనిపించుకోవడానికా? రెండోది కాదని ఒట్టేసి చెప్పలేను. కానీ ఒకటి గమనించాను. అనుమానం ఉన్నా చేయాల్సిన పని చేయొచ్చు. అది పక్కన కూర్చుని సణుగుతూ ఉంటుంది, సణగనీ.

టేపు బాబాయీ నేనూ రెండు రోజులనుంచి బాట మీద ఎదగకుండా గిడసబారిపోయిన ఒక మొక్కని తవ్వుతున్నాం. మట్టి చెదరకుండా, చుట్టూ దిమ్మలా చెక్కి, చెక్కపెట్టెలోకి దించాలి. “ఇదే పని అప్పుడు చేసుంటే ఒక్క పూటలో అయిపోయేది మేడమ్” అంటున్నాడు ఆయన. నాకు నోరెత్తే హక్కు లేదు, పార ఎత్తుతున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరపోవడానికి అదే కారణం.

గురువారం పదిన్నరకి. నిన్ను రమ్మని అడగను. వస్తే ఆపను.

నీ ఆడపడుచు


అన్నయ్యా,

కాలికి కట్టుతో కదలలేక మంచం మీద కూర్చుని, “మీటింగులో ఏం జరిగింది?” అని అడిగితే మీ ఆవిడ “ఏముంది, అయింది” అని లోపలికి పోయిందన్నావు. ఆవిడ చెప్పదు. నేను చెబుతాను.

మట్టిదిమ్మ ఉన్న పెట్టెని నలుగురం మోసుకుంటూ వెళ్ళాం. లిఫ్టు దగ్గరి మనిషి ఆపాడు. “ఇందులో ఏముంది?”

“మట్టి.”

“మట్టికి పర్మిషనుందా?”

“ఇన్నాళ్ళూ లేదు, ఇవాళ అడగడానికే వచ్చాం” అన్నాడు టేపు బాబాయి. సామాన్ల లిఫ్టులో ఎక్కించారు. అద్దంలా మెరిసే ఆ పొడుగు బల్ల మీద పాత పేపర్లు పరిచి దిమ్మ దించాం. ఒక పక్క చెక్క తీసేస్తే వేరు మొత్తం కనిపిస్తోంది. జానా బెత్తెడు నిటారుగా దిగి, అక్కడ తిరిగి అడ్డంగా పోయిన వేరు. చెప్పాల్సినదంతా చెప్పాను. నా వాక్యం చదివాను, ఇది తప్పు అన్నాను. పందొమ్మిదో ఫోటో సంగతి కూడా దాచలేదు. తర్వాత ఆరింటి గురించి చెప్పాను.

డైరెక్టరు గారు దానికోసమే కాచుకుని ఉన్నారు. “అంటే నర్సరీ తప్పు కూడా ఉందన్నమాట. అలాంటప్పుడు యంత్రాలనే అనడం...” అని చేతులు చాపారు. కమిటీ పెద్దావిడ తలూపింది. కంపెనీ మనుషులు కాగితాల మీద ఏదో గీసుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. “ఆరు.”

అందరూ వెనక్కి తిరిగారు. కమిటీ పెద్దావిడ, “మీరెవరండీ?” అంది.

“నర్సరీ తప్పంటే నేనే. ఇంతసేపూ మీరు మాట్లాడుతున్నది నా గురించే.”

ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు అన్నయ్యా. తడి గొడుగు చేత్తో పట్టుకుని నిలబడింది, కింద నీళ్ళు కారుతున్నాయి. “ఆ సంవత్సరం సంచులు సరిపోలేదు. చివరి లారీ మొక్కలు కొన్ని పొట్టి సంచుల్లో పెంచాం. వేళ్ళు చుట్టుకున్నాయని తెలుసు, తెలిసే పంపాను. విచారణలో నలభైనీ నా నెత్తిన పెడితే పౌరుషానికి పోయి ఆ ఆరూ కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆరు నావి. మిగతా ముప్పై నాలుగూ ఎవరివో వాళ్ళు కూడా లేచి చెప్పండి. నాకేం తొందరలేదు, నిలబడే ఉంటాను” అంది.

నేను అప్పటికే నిలబడి ఉన్నాను. “పీకింది నేను. తెలిసీ రాసింది నేను” అన్నాను ఇంకోసారి. యంత్రాలు దింపినవాళ్ళు ఒక్కరూ లేవలేదు. అవతలి మనిషి ఒకతను గొంతు సవరించుకుని, “చెట్లన్నాక కొన్ని చావడం సహజం” అన్నాడు.

“సహజమే బాబూ” అంది వదిన. “పక్క నేలలో ఏడు సహజంగానే చచ్చాయి. వాటి గురించి ఎవరైనా అడిగామా?”

ఆ ఒక్క మాటకి కమిటీ పెద్దావిడ కలం మూత పెట్టేసింది. లేచి వచ్చి దిమ్మలో వేరు వంగిన చోట వేలితో తడిమింది. “గట్టిగా ఉంది” అంది తనలో తను. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. వానాకాలంలో పెద్ద వాలు మీదికి ఏ యంత్రమూ వెళ్ళకూడదు. మిగతా కాలాల సంగతి, పాత బాటలన్నీ తవ్వి చూశాక. గెలిచామని గంతులేయను. వచ్చే ఏడాది మళ్ళీ కాగితాలు పట్టుకుని వస్తారు. అప్పుడు మళ్ళీ వెళ్తాం.

నాకు వేరే ఉత్తర్వు వచ్చింది. నన్ను పాత రికార్డుల గదికి మార్చారు. కిటికీ లేదు, దుమ్ముంది, నా పై కుర్చీలో వేరే ఆయన కూర్చున్నారు. బాధ లేదంటే అబద్ధం. మొదటి రోజు టిఫిన్ డబ్బా తెరవలేకపోయాను. కానీ సవరించిన నివేదిక రాయాల్సింది మాత్రం నేనేనని కమిటీ స్పష్టంగా రాసింది, దాన్ని డైరెక్టరు గారు మార్చలేకపోయారు. వారం రోజులనుంచి మీ ఆవిడ రోజూ ఆ రికార్డుల గదికి వస్తోంది. నీతో కూరగాయలకని చెబుతోందటగా.

క్షమించిందా అని అడుగుతావేమో. నేనూ అడిగాను. “మాట్లాడుతున్నాను కదా అని ఎక్కువ ఊహించుకోకు డాక్టరమ్మా. ఐదేళ్ళు ఐదు రోజుల్లో పోవు” అంది. తర్వాత నేను రాసిన మొదటి పేజీలో మూడు తప్పులు చూపించింది. రెండు నిజంగా తప్పులే. మూడోదాని మీద ఇంకా పోట్లాడుకుంటున్నాం.

చివర్లో కృతజ్ఞతల కింద ఆవిడని తలుచుకుంటూ ఒక పేరా రాశాను, బాగానే కుదిరిందనుకున్నాను. చదివి కొట్టేసింది. “ఇది శాలువా సన్మానమా? నా పేరు వేస్తే పైన వెయ్యి, లేకపోతే ఎక్కడా వద్దు” అంది. డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి టీ లేదు.

“ఆవిడ మన సిబ్బంది కాదు. రచయితగా ఎలా వేస్తాం?”

“అయితే నాది కూడా తీసెయ్యండి. ఎవరూ రాయని నివేదిక అచ్చేసి, ఎవరు నమ్ముతారో చూసుకోండి.”

రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. ఆ కబురు చెప్పాక, పేర్లు ఏ వరసలో వేద్దామని వదినని అడిగాను. ప్రయోగం నాది, కొలతలు నావి, పదేళ్ళు నావి, పోనీ అక్షరక్రమంలో వేద్దామా అన్నాను. కళ్ళజోడు పైనుంచి నావంక చూసింది.

“అక్షరక్రమం ఏమిటి, ఇంటికి పెద్దదాన్ని నేనుండగా?”

అచ్చుకి ఇవాళే పంపాను. నువ్వు పొరపాటున కూడా దీని గురించి ఆవిడ ముందు నవ్వకు.

నీ చెల్లెలు
నివేదికలో రెండో పేరు